చూద్దాం పట్టు: ఇల్లు, పిల్లలు, సైన్సు
(స్మారక ఉపన్యాస పాఠం)

డిసెంబరు నెల, పొద్దున్న ఆరున్నర. వంటింటి గట్టు మీద పెరుగు గిన్నె మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. "అమ్మా, పెరుగు తోడుకోలేదు!" అని అరిచింది నాలుగో తరగతి పిల్ల. "రాత్రి చలెక్కువ కదే," అంది వాళ్లమ్మ. "చలీ కాదు, గిలీ కాదు. పాలు మరీ చల్లారిపోయాక తోడేశావు," అంది అమ్మమ్మ. "తోడే పాతదై ఉంటుంది," అన్నాడు తాతయ్య పేపరు చాటునుంచి. ఒక్క గిన్నె పాలకి మూడు కారణాలు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, ఎవరి మాటా తీసిపారేసేది కాదు.

చాలా ఇళ్లలో సంగతి ఇక్కడితో సరి. ఎవరో వెళ్లి పెరుగు పాకెట్ తెస్తారు, పిల్ల స్కూలు బస్సెక్కుతుంది. ఆ ఇంట్లో మాత్రం అమ్మమ్మ ఒక మాటంది: "రాత్రికి చూద్దాం పట్టు."

రాత్రి నాలుగు స్టీలు గ్లాసులు తీశారు. కాచిన పాలు ఒకే గిన్నెలోంచి నాలుగింటికీ సమంగా పోశారు. మొదటి దాంట్లో పాలు వేలు పెడితే చుర్రుమనేంత వేడి. రెండోది గోరువెచ్చన. మూడోది ఫ్రిజ్‌లో పెట్టి తీసిన చల్లటి పాలు. ఈ మూడింట్లో ఒకే చెంచాతో, ఒకే కొలత తోడు. నాలుగో గ్లాసులో గోరువెచ్చటి పాలే గానీ తోడు లేదు. "తోడు లేకుండా ఎందుకే? దండగ కదా పాలు?" అన్నాడు తాతయ్య. "తోడు వల్లే తోడుకుంటోందని మనకెలా తెలుస్తుంది మరి?" అంది పిల్ల. ప్రయోగశాలల్లో పరిశోధకులు నేర్చుకునే పద్ధతి అదే. అది ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండా, పాలు దండగవుతాయన్న గొడవలోంచి వచ్చింది.

తెల్లారేసరికి రెండో గ్లాసు గట్టిగా తోడుకుంది. మొదటిదీ, మూడోదీ, నాలుగోదీ కదలలేదు. వేడి పాలలో తోడులోని బాక్టీరియా చచ్చిపోయాయి, చల్లటి పాలలో నిద్రపోయినట్టు మందగించాయి. సుమారు 40 డిగ్రీల వేడిలో అవి చురుగ్గా పెరిగి, పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపు తగిలితే పాలలో తేలే కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. అదే పెరుగు. మర్నాడు రాత్రి మళ్లీ రెండు గ్లాసులు: రెండింట్లోనూ గోరువెచ్చటి పాలే, ఒకటి కిటికీ పక్కన, ఇంకొకటి అమ్మమ్మ పద్ధతిలో బియ్యం డబ్బాలో. బియ్యంలోది తోడుకుంది, కిటికీ దగ్గరది నీళ్లు నీళ్లుగా మిగిలింది. అంటే అమ్మ చెప్పినదీ నిజమే, అమ్మమ్మ చెప్పినదీ నిజమే. తాతయ్య వాదన మూడో రాత్రికి వాయిదా పడింది. ఆ తర్వాత పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా పాలు తోడుకుంటాయన్న మాట పక్కింటావిడ దగ్గర్నుంచి వచ్చింది. దాని కోసం ఇంకో రెండు గ్లాసులు.

స్మారక ఉపన్యాసంలో ముందు స్మరణ, ఆ తర్వాత విషయం రావడం ఆనవాయితీ. ఇక్కడ పెరుగు ముందు వచ్చినందుకు పెద్దలు మన్నించాలి. ఈ ఉపన్యాసం తలుచుకుంటున్నది తెలుగులో పిల్లలకు సైన్సు చెప్పిన వాళ్లను. భౌతికశాస్త్రం బోధిస్తూ తేట తెలుగులో సైన్సు రాసిన వసంతరావు వెంకటరావు, ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో పనిచేస్తూ క్యాలెండర్‌నీ పిడుగునీ కథలుగా చెప్పిన మహీధర నళినీమోహన్, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, సితారు సాధన, సైన్సు వ్యాసాలు మూడింటినీ నడిపిన కొడవటిగంటి రోహిణీప్రసాద్. వీళ్లెవరూ పిల్లలకు పరీక్ష కోసం రాయలేదు. చదివిన పిల్లవాడు పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూడాలని రాశారు. వాళ్ల పేర్ల మీద చెప్పుకోవలసిన మాట కూడా అదే: సైన్సుకు ఇంట్లో చోటు ఎక్కడ?

చోటుంది. ఆ చోటు ఎంత పెద్దదో చెప్పడానికి అంట్లు తోముకునే ఒక జర్మన్ అమ్మాయి కథ చాలు.

ఆగ్నెస్ పోకెల్స్ 1862లో పుట్టింది. పెరిగింది జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో. సైన్సంటే ప్రాణం, కానీ ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకు విశ్వవిద్యాలయం తలుపులు తెరవలేదు. పైగా తల్లిదండ్రులు జబ్బు మనుషులు. ఇంటి చాకిరీ, వాళ్ల సేవా ఆవిడ మీదే పడ్డాయి. అంట్లు తోమే తొట్టిలో నీళ్ల మీద జిడ్డు పరుచుకోవడం, సబ్బు తగిలితే ఆ జిడ్డు చెదిరిపోవడం ఆవిడ రోజూ చూసేది. చూసి ఊరుకోలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక రేకు తొట్టి చేయించుకుని అంచు దాకా నీళ్లు నింపింది. నీటి పైపొరను అటూ ఇటూ జరపడానికి అడ్డంగా ఒక రేకు ముక్క పెట్టింది. మందుల కొట్టులో వాడే త్రాసుకు గుండీ అంత చిన్న బిళ్ల వేలాడదీసి, దాన్ని నీటి మీద ఆనించి, పైకి లాగడానికి ఎంత బరువు కావాలో తూచింది. నీటి పైపొర ఎంత గట్టిగా పట్టుకుంటుందో, జిడ్డు కలిస్తే ఆ పట్టు ఎంత సడలుతుందో ఇలా కొలిచింది. ఏళ్ల తరబడి కొలిచింది. గోటింగెన్‌లో ఫిజిక్సు చదివే తమ్ముడు ఫ్రీడ్రిష్ పుస్తకాలు తెచ్చిపెట్టేవాడు.

1891 జనవరిలో ఆవిడ ఇంగ్లండులోని లార్డ్ రేలీకి జర్మన్‌లో ఉత్తరం రాసింది. ఆయన అప్పటికే మహా పేరున్న శాస్త్రవేత్త, 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆ ఉత్తరాన్ని బుట్టలో వెయ్యలేదు. ఇంట్లో ఉన్న సాధారణ పరికరాలతో ఒక స్త్రీ విలువైన ఫలితాలు సాధించిందని మెచ్చుకుంటూ దాని అనువాదాన్ని 'నేచర్' పత్రికకు పంపాడు. అది ఆ ఏడాది మార్చి 12న అచ్చయింది. ఆవిడ తొట్టినే మెరుగుపరిచి ఉపరితల రసాయనశాస్త్రంలో పనిచేసిన అమెరికన్ ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ వచ్చింది. ఆ ఏడే బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం డెబ్బై ఏళ్ల పోకెల్స్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. చదువుకోవడానికి రానివ్వనివాళ్లే చివరికి పట్టా ఇచ్చారన్న మాట. ఆ వ్యంగ్యం ఎవరికి తెలియాలో వాళ్లకి తెలిసే ఉంటుంది.

రేలీకి ఆ ఉత్తరం విలువ వెంటనే అర్థం కావడానికి ఒక కారణముంది. అంతకు ముందటి సంవత్సరమే ఆయన నూనె, నీళ్లు, కర్పూరం పెట్టుకుని కూర్చున్నాడు. ఈ ప్రయోగం ప్రతి తెలుగింట్లో పూజ గూట్లోంచే మొదలు పెట్టవచ్చు. వెడల్పాటి పళ్లెం తీసుకోవాలి. సబ్బుతో తోమి, సబ్బు కూడా మిగలకుండా ఆరేడుసార్లు కడగాలి. పిల్లలు తొందరపడి పాడుచేసేది ఇక్కడే. నిండా నీళ్లు పోసి, హారతి కర్పూరం బిళ్లను చిదిపి ఆవగింజంత ముక్క ఒకటి నీటి మీద వెయ్యాలి. వేళ్లతో కాదు, కాగితం మీంచి జార్చాలి. కర్పూరం ముక్క ఎవరో తరుముతున్నట్టు గిర్రున తిరుగుతూ పళ్లెమంతా పరుగులు పెడుతుంది. కర్పూరం కొద్దికొద్దిగా కరిగిన వైపు నీటి పైపొర పట్టు సడలుతుంది, అవతలివైపు పట్టు దాన్ని లాక్కుంటుంది. అదే ఆ పరుగు. ఇప్పుడు తలకు నూనె రాసుకున్న వేలితో పళ్లెం అంచున నీటిని ఒక్కసారి తాకితే చాలు, పరుగు ఠక్కున ఆగిపోతుంది.

ఆ ఆగడానికి ఎంత నూనె కావాలన్నదే రేలీ ప్రశ్న. పెద్ద తొట్టిలో నీళ్లు పోసి, తూచిన నూనె వేసి, కర్పూరం ఎప్పుడు ఆగుతుందో చూశాడు. నూనె బరువును నీటి వైశాల్యంతో లెక్క కడితే నూనె పొర మందం తేలింది: మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో సుమారు ఒకటిన్నర భాగం. అణువులు అసలున్నాయా లేవా అని పండితులు ఇంకా తగువులాడుకునే రోజుల్లో, కర్పూరమూ నూనే పెట్టుకుని ఆయన ఇంచుమించు అణువు కొలత దాకా వెళ్లాడు. పిల్లలకు ఈ కథ చెప్పాల్సింది కర్పూరం ఆగిపోయాక. ముందు చెబితే ప్రయోగం కాస్తా పాఠమైపోతుంది.

పసుపు సంగతి ఇంకా సులువు. పప్పుచారు ఒలికిన తెల్ల చొక్కాకి సబ్బు రాయగానే మరక ఎర్రబడటం, జాడించగానే మళ్లీ పచ్చబడటం ఇల్లాళ్లందరూ చూసినదే. పసుపులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది, పులుపు తగిలితే వెనక్కి వస్తుంది. పెళ్లిలో పారాణి ఎర్రగా ఉండేదీ, దిష్టి తీసే నీళ్లు ఎర్రబడేదీ పసుపులో సున్నం కలిపినందుకే. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్కలు పది చేతికిస్తే పిల్లలు ఇల్లంతా గాలిస్తారు. వంటసోడా, నిమ్మకాయ, చింతపండు పులుసు, కుంకుడు రసం, టూత్‌పేస్ట్, తాతయ్య జీర్ణానికి వేసుకునే మందు, దేన్నీ వదలరు. శంఖుపూల రసం, మందార రసం తోడైతే పులుపు వైపు కూడా రంగులు దొరుకుతాయి. పసుపు గుడ్డలో సగానికి నల్ల కాగితం కట్టి ఎండలో పడేస్తే సాయంత్రానికి ఇంకో సంగతి బయటపడుతుంది. కాగితం కట్టని సగం వెలిసిపోయి ఉంటుంది. మరక పడ్డ బట్టను ఎండలో ఆరేయమనే అమ్మమ్మల మాటకు రుజువది.

ఇంత సామగ్రి ఇంట్లో పడి ఉంటే తెలుగు తల్లిదండ్రులు సైన్సు కోసం వెళ్లేది మాత్రం బజారుకి. సైన్సు ఫెయిరుకు రెండు రోజుల ముందు స్టేషనరీ దుకాణాల్లో రెడీమేడ్ అగ్నిపర్వతాలు, థర్మోకోల్ సౌరకుటుంబాలు అమ్ముడుపోతాయి. మిగతాది నాన్న రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అంటిస్తాడు. పొద్దున్న పిల్లవాడు దాని పక్కన నిలబడి బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అప్పజెబుతాడు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో కూడా ఈ కథ పెద్దగా వేరు కాదు, అట్ట ఖరీదు మారుతుందంతే. ఇక ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరున సాయంత్రాలు అమ్ముడుపోతున్నాయి. ఫిజిక్సులో ర్యాంకు వచ్చిన పిల్లలు ఫ్యూజు వైరు ఎందుకు కాలిపోతుందో ఇంట్లో ఒక్కసారీ చూసి ఉండరు. ఇది పిల్లల తప్పు కాదు.

కొనకుండా చెయ్యడం ఎలాగో ఈ దేశంలో చూపించిన మనిషి అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూరులో ఇంజినీరింగు చదివి ట్రక్కుల కంపెనీలో చేరాడు. 1978లో ఒక ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాకు వెళ్లాడు. అక్కడ 1972లోనే 16 పల్లె బడుల్లో ఒక పని మొదలైంది. పిల్లలు పాఠం చదివి కాక, చేసి నేర్చుకోవాలన్నది ఆ పని. వారపు సంతలో ఆయన కంట పడ్డది సైకిల్ వాల్వు ట్యూబు. మీటర్ల లెక్కన దొరికే ఆ సన్నటి నల్ల రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, రెండు చివర్లా అగ్గిపుల్లలు గుచ్చితే కీలు తయారు. ఆ కీళ్లతో త్రికోణాలు, చతురస్రాలు, గుడిసెలు, గోళాలు కట్టించాడు. చతురస్రాన్ని మూల పట్టి నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. త్రికోణం ఒరగదు, ఎంత నొక్కినా ఒరగదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూస్తే వరసగా దాటిపోయే ఆ ఉక్కు త్రికోణాలన్నీ ఈ అగ్గిపుల్లల చుట్టాలే.

హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో అక్కడి ప్రభుత్వం మూసేసింది. బొమ్మలు మూతపడలేదు. గుప్తా పుస్తకాలు తెలుగుతో సహా ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. 2018లో పద్మశ్రీ వచ్చింది.

మన పల్లెల్లో ఈ చదువు ఎప్పుడూ లేదనుకోవద్దు. తాటికాయలు చక్రాలుగా, మధ్యలో కర్ర ఇరుసుగా బండి కట్టిన కుర్రాడికి ఇరుసు నున్నగా లేకపోతే బండి ఎందుకు బిగుసుకుంటుందో తెలుసు. బొప్పాయి కాడతో కుంకుడు నురుగు బుడగలు ఊదిన పిల్లకు నురుగు చిక్కదనం తెలుసు. ఏటికొప్పాక లక్క బొంగరం తిరిగేటప్పుడు నిలబడి, ఆగేటప్పుడు తల ఆడించడం చూడని పిల్లలుండేవారు కాదు. ఎవరూ వాటిని సైన్సని పిలవలేదంతే. అలా పిలవకపోవడం వల్లే సైన్సంటే ఎక్కడో సీసాల్లో ఉండేదన్న భ్రమ మిగిలిపోయింది.

తొలకరి జల్లు పడ్డాక, ఆరుద్ర కార్తె రోజుల్లో, తడి నేల మీద ఎర్ర మఖమలు గుండీల్లా పాకే ఆరుద్ర పురుగును అగ్గిపెట్టెలో దాచుకోని బాల్యం ఒకప్పుడు లేదు. దాని కాళ్లు లెక్కపెట్టమంటే పిల్లలు ఎనిమిది అంటారు. చీమకు ఆరు. సీతాకోకకు ఆరు. మరి ఆరుద్ర పురుగు ఎవరి చుట్టం? సాలీడుకు ఎనిమిది. పురుగు అన్న పేరే తప్పని, అది సాలీడు వంశానికి చెందిందని పదేళ్ల పిల్ల తన లెక్కతో తాను తేల్చుకోగలదు. తేలాక అగ్గిపెట్టె మూత తీసి దాన్ని తడి నేల మీదే వదిలెయ్యడం కూడా ఆ పాఠంలో భాగమే.

పిల్లల ప్రశ్న విని నవ్వడం ఎంత నష్టమో చెప్పడానికి టాంజానియా కథ ఒకటి ఉంది. 1963లో ఎరాస్తో ఎంపెంబా అనే బడి కుర్రాడు తోటి పిల్లలతో ఐస్‌క్రీం చేస్తున్నాడు. ఫ్రీజరులో చోటు అయిపోతోందని పాలు చల్లారకుండానే పెట్టేశాడు. కాచకుండానే పెట్టిన తోటి కుర్రాడి పాలకంటే తనవే ముందు గడ్డకట్టాయి. ఎందుకని అడిగితే టీచరు నువ్వేదో పొరబడ్డావన్నాడు. టీచరూ తోటివాళ్లూ అది ఎంపెంబా ఫిజిక్సు అని వెక్కిరించారు. తర్వాత పై బడికి డెనిస్ ఆస్‌బోర్న్ అనే ప్రొఫెసర్ ఉపన్యాసానికి వస్తే అందరి ముందూ మళ్లీ అదే అడిగాడు. పిల్లలు మళ్లీ నవ్వారు. ఆస్‌బోర్న్ మాత్రం వెనక్కి వెళ్లి చేయించి చూశాడు. 1969లో ఇద్దరి పేర్ల మీదా వ్యాసం వచ్చింది. వేడినీళ్లు నిజంగానే ముందు గడ్డకడతాయా, ఎప్పుడు, ఎందుకు అన్నది ఈనాటికీ తేలని తగువే. కొందరికి కుదిరింది, కొందరికి కుదరలేదు. ఇంట్లో ఫ్రీజరు ఉన్నవాళ్లెవరైనా ఆ తగువులో దిగవచ్చు.

ఆస్‌బోర్న్ చేసింది పెద్ద ఘనకార్యమేమీ కాదు. ఆ అమ్మమ్మ లాగే చూద్దామన్నాడు.

తల్లిదండ్రులకు అసలు భయం ఇక్కడే. పిల్లలు అడిగితే మనకు తెలియదేమో, పరువు పోతుందేమో అని. తెలియకపోవడం ఇంట్లో సైన్సుకు అడ్డు కాదు, సగం సామగ్రి అదే. తెలిసిన తండ్రులే ఎక్కువ చెడగొడతారు. సముద్రం నీలంగా ఎందుకుందని అడగ్గానే ఆకాశం నీడ అని చెప్పేసి ఫోను చూసుకుంటారు. ఆ జవాబు నూరేళ్ల కిందట లార్డ్ రేలీ అంతటివాడు ఇచ్చిన జవాబే. అది తప్పు. తప్పని చూపినవాడి బాల్యంలో చాలా భాగం విశాఖపట్నంలో, బంగాళాఖాతం పక్కన గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్‌కు అక్కడి కాలేజీలో అధ్యాపకుడి ఉద్యోగం రావడంతో 1892లో ఆ కుటుంబం తిరుచ్చి వైపు నుంచి వచ్చింది. చంద్రశేఖర వెంకట రామన్ సెయింట్ అలోషియస్ బడిలో చదివి పదకొండేళ్లకే మెట్రిక్ ముగించాడు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ మధ్యధరా సముద్రం నీలం చూసి, జేబులో ఉన్న నికాల్ పట్టకం బయటికి తీశాడు. నీటి మీద ప్రతిఫలించే వెలుతురును ఆ పట్టకం అడ్డుకుంటుంది. ఆకాశం నీడ మాయమైనా సముద్రం నీలంగానే ఉంది, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే నీలం నీటి లోపలి నుంచే వస్తోంది. అక్కణ్ణుంచి వెలుతురు చెదరడం మీద ఏడేళ్ల పని, 1928 ఫిబ్రవరి 28న రామన్ ఎఫెక్ట్, 1930లో నోబెల్. పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని చెరువు వైపు చూస్తే నీటి మీది తళతళ తగ్గి లోపలి చేపలు కనబడటం, తల పక్కకి వాల్చితే ఆ తళతళ తిరిగి రావడం ఏ పిల్లయినా చూడగలదు. రామన్ జేబులోంచి తీసినదాని పని కూడా అదే.

వంటింటి తర్వాత ఇంట్లో రెండో ప్రయోగశాల డాబా. ఇందులో తెలుగు పిల్లలకు ఉన్న అదృష్టం లండన్ పిల్లలకే కాదు, ఢిల్లీ పిల్లలకూ లేదు. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలో మాత్రమే సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ నిమిషాన నిలువుగా ఉన్న వస్తువుకు నీడ ఉండదు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. తిరుపతిలో మొదటిది ఏప్రిల్ చివర్లోనే వచ్చేస్తుంది, ఆదిలాబాదు పిల్లలు మే మూడో వారం దాకా ఆగాలి. సూర్యుడు ఉత్తరంగా జరుగుతున్నాడన్న మాట పుస్తకంలో చదవడం వేరు, తిరుపతిలోని పెదనాన్న కొడుకుతో ఫోనులో మాట్లాడుతూ నీడ ఎప్పుడు మాయమైందో పోల్చుకోవడం వేరు.

డాబా మీద చదునైన చోట తెల్ల కాగితం పరిచి స్టీలు గ్లాసు బోర్లిస్తే పరికరం సిద్ధం. పిల్లలు పన్నెండు గంటలకే వచ్చి కూర్చుంటారు. నీడ సన్నగా ఇంకా ఉంటుంది. ఇక్కడ వాళ్లకు గడియారం మీద మొదటి అనుమానం పుడుతుంది. హైదరాబాదులో మే 9న నీడ మాయమయ్యేది 12 గంటల 12 నిమిషాలకు. మన గడియారాలు నడిచేది కాకినాడ దాపుల్లోంచి పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ మధ్యాహ్నం పదహారు నిమిషాలు ఆలస్యం. భూమి సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగకపోవడం, దాని ఇరుసు వాలి ఉండటం కలిసి మేలో ఆ ఆలస్యాన్ని కొంచెం తగ్గిస్తాయి, ఆగస్టులో కొంచెం పెంచుతాయి. అందుకే ఆగస్టు 3న 12 గంటల 23 నిమిషాలు. విశాఖలో మే నెల మధ్యాహ్నం పన్నెండుకు ముందే అయిపోతుంది. ఇంకో విచిత్రం: ఈ రెండు తేదీల మధ్య హైదరాబాదులో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాక దక్షిణానికి పడుతుంది. మధ్యాహ్నం నీడ ఉత్తరం చూపిస్తుందని చదువుకున్న పిల్లవాడికి జూన్‌లో డాబా మీద దొరికే దెబ్బ అది. పుస్తకంలో తప్పును ఒకసారి పట్టుకున్న పిల్ల మళ్లీ మళ్లీ పట్టుకుంటుంది.

ఆకాశం అనేసరికి 1980 ఫిబ్రవరి 16 గుర్తుకు రావాలి. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం దారి తెలుగు నేల మీదుగా వెళ్లింది. హైదరాబాదు దగ్గరి రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులు బిగించుకుని కూర్చున్నారు. ఊళ్లలో మాత్రం తలుపులు, కిటికీలు మూసేసి పిల్లల్ని లోపల కూర్చోబెట్టారు. నేరుగా చూస్తే కళ్లు పోతాయన్న భయం అబద్ధం కాదు. కానీ జల్లిగరిటె చిల్లుల్లోంచి నేల మీద పడ్డ వెలుతురు చుక్కలను చూడటానికి ఏ భయమూ అక్కర్లేదు. పాక్షిక గ్రహణం వేళ ఒక్కో చుక్కా ఒక్కో నెలవంకై పరుచుకుంటుంది. ఒక తరానికి ఆ దృశ్యం దక్కకుండా పోయింది.

భయం అవసరమైన చోట ఉండాలి. గోడ ప్లగ్గు ప్రయోగవస్తువు కాదు, టార్చి బ్యాటరీలు చాలు. బాత్రూము ఆసిడ్‌నీ బ్లీచింగు పౌడరునీ కలిపితే క్లోరిన్ వస్తుంది, అది ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు. రిమోట్లలో వాడే గుండీ బ్యాటరీలు మింగితే గొంతు లోపల కాలి గాయమవుతుంది. సూర్యుడి వైపు భూతద్దంతో గానీ, బైనాక్యులర్‌తో గానీ, ఉత్త కంటితో గానీ చూడకూడదు. ఇవి తప్ప మిగతా వాటిలో ఒలికేదీ, పగిలేదీ, కంపు కొట్టేదీ ఇల్లు భరించాలి. ఒలికిన పాలకి తిట్లు పడ్డ ఇంట్లో మర్నాడు గ్లాసులు బయటికి రావు.

ఇక భాష. బడిలో సైన్సు ఇంగ్లీషులో సాగుతోంది, సాగనివ్వండి. ఇంట్లో దాన్ని తెలుగులో చెయ్యాలి. తోడుకోవడం, పులియడం, ఇగరడం, మరగడం, ఊరడం, విరగడం లాంటి మాటలు వంటింట్లో ఎన్నో ఉన్నాయి. మరగడానికీ ఇగరడానికీ తేడా అమ్మతో తెలుగులో వాదించగలిగిన పిల్ల దాన్ని ఏ భాషలోనైనా రాయగలదు. చదివించడానికి హైదరాబాదు మంచి పుస్తకం ప్రచురణలున్నాయి, జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం తెస్తున్న 'చెకుముకి' పత్రిక ఉంది. ఇంటికి ఒక గీతల నోటుబుక్కు కూడా కావాలి. తేదీ, ఏం చేశాం, ఏం మార్చాం, ఏమైంది అన్న నాలుగు గళ్లు చాలు. కుదరనివి కూడా అందులో ఎక్కాలి. ఆ నాలుగో తరగతి పిల్ల నోటుబుక్కులో మిరప తొడిమల పేజీలో ఇలా ఉంది: "ఒకసారి తోడుకుంది. ఒకసారి కుదరలేదు. మళ్లీ చెయ్యాలి."

ఈ మాటలు విన్నవాళ్లు ఇంటికెళ్లి పిల్లలకు ఉపన్యాసం చెప్పవద్దని మనవి. రాత్రి భోజనాలయ్యాక రెండు గ్లాసుల పాలు తీసి, ఒకటి బియ్యం డబ్బాలో, ఒకటి కిటికీలో పెట్టించండి. హైదరాబాదు వాళ్లు ఆగస్టు 3 మధ్యాహ్నం పన్నెండుకల్లా డాబా మీదికి గ్లాసు చేర్చాలి. మబ్బు పడితే మళ్లీ మే 9న.